ల్యాబ్‌లో ఆ మాట అన్నదెవరు?

 

పొద్దున పేపరు తీస్తాం. సాయంత్రం టీవీ పెడతాం. రెండింట్లోనూ ఒక తీరు వార్త తరచుగా తగులుతుంది. ల్యాబ్‌లో తేలింది అంటారు. శాస్త్రవేత్తలు చెప్పారంటారు. ల్యాబ్ సిబ్బంది నిర్ధారించారంటారు. వినగానే నమ్మేస్తాం, లేదా భయపడిపోతాం. సరే, ఆ ల్యాబ్‌లో ఆ మాట అన్నది ఎవరు? నెత్తురు తీసిన మనిషా? మెషీను నడిపిన మనిషా? ఫలితం చూసి దాని అర్థం చెప్పిన డాక్టరా? వార్తలో ఆ ముక్క ఉండదు. ఆ ముక్క లేకపోతే మనకి ఏం నష్టమో, దాన్నుంచి ఎలా కాచుకోవాలో ఈ పూట చెప్తాను.

నేను చెప్పేది ఒక్కటే. ల్యాబ్ మాట ఎక్కడ విన్నా ఇలా అడగండి. ఆ మనిషి చేసిన పని ఏంటి? ఆ పని ఎంతవరకు? ఈ ప్రసంగంలో ఈ ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తుంది. మీకు నోటికి రావాలనే అలా చెప్తున్నాను.

2020 జులై నెల గుర్తు చేసుకోండి. కరోనా భయంతో అందరం ఇళ్ళల్లో ఉన్నాం. టీకా ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్నాం. హైదరాబాదు పక్కన జీనోమ్ వ్యాలీలో ఉన్న భారత్ బయోటెక్ కంపెనీకి, కోవాగ్జిన్ టీకాని మనుషుల మీద పరీక్షించడానికి అప్పుడే అనుమతి వచ్చింది. అంతలోనే వాట్సాప్‌లో ఒక ఫోటో తిరిగింది. ఒకాయన చెయ్యి చాపి కూర్చున్నాడు. ఇంకొకరు ఆ చేతి దగ్గర సూది పట్టుకున్నారు. కంపెనీలో పెద్ద ఉద్యోగి ఒకాయన తొలి టీకా తానే వేయించుకున్నాడని ఆ ఫోటో కింద రాశారు. దేశమంతా పాకిపోయింది. మెచ్చుకున్నవాళ్ళు మెచ్చుకున్నారు. మనుషుల మీద పరీక్ష మొదలుకాకుండానే టీకా ఎలా వేసుకున్నాడని అడిగినవాళ్ళు అడిగారు.

కంపెనీ వెంటనే వివరణ ఇచ్చింది. ఆ ఫోటో, ఆ సందేశం తాము పంపినవి కావని చెప్పింది. ఉత్పత్తి విభాగంలో పనిచేసే సిబ్బంది అందరికీ పరీక్షల కోసం మామూలుగా నెత్తురు తీస్తారు, ఆ ఫోటోలో ఉన్నది అదే అని చెప్పింది.

చూశారా? చేతి దగ్గర సూది పట్టుకున్న మనిషి చేస్తున్న పని నెత్తురు తీయడం. దేశం అనుకున్నది టీకా వేయడం. ఒకటి ఒంట్లోంచి బయటికి తీసే పని. ఇంకొకటి ఒంట్లోకి ఎక్కించే పని. రెండింటికీ మధ్య ఉన్న తేడా అంతా ఇంతా కాదు. ఫోటో అబద్ధం కాదు. మనిషీ అబద్ధం కాదు. ఆ మనిషి చేస్తున్న పని ఏంటో చెప్పిన మాటే తప్పు. ఆ ఒక్క తప్పుతో మొత్తం కథ తిరగబడింది.

ఇంకో సంగతి కూడా గమనించండి. కోవాగ్జిన్ ఒక్క చోట పుట్టలేదు. వైరస్‌ని వేరు చేసి ఇచ్చింది పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ. దాన్ని పెంచి, చంపి, టీకాగా తయారు చేసింది జీనోమ్ వ్యాలీలో. మనుషుల మీద పరీక్షలు జరిగింది ఆస్పత్రుల్లో. ఇంతమంది పనిని కలిపి శాస్త్రవేత్తలు అని ఒక్క మాటతో ముగిస్తే, ఎవరి మాటని ఎంతవరకు నమ్మాలో మనకెలా తెలుస్తుంది?

మనకి బాగా తెలిసిన చోటికి వద్దాం. ఆదోని పత్తి మార్కెట్ యార్డు. పత్తి పండించే ప్రతి ఇంటికీ ఆ యార్డు తెలుసు. బండి దిగగానే హమాలీలు బోరాలు దించుతారు. కాటా దగ్గర ఒకాయన తూకం వేస్తాడు. ఇంకొకాయన తేమ మెషీను గుచ్చి అంకె చదువుతాడు. పింజ పొడవు, మెరుపు, చెత్త చూసేవాళ్ళు వేరు. ధర పలికేవాళ్ళు వేరు. భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనుగోలు కేంద్రంలో అయితే తేమ ఎనిమిది శాతం దాటితే ధర తగ్గుతుంది, పన్నెండు దాటితే సరుకు తీసుకోరు. అంకె చదివినవాడు ధర కట్టడు. ధర కట్టినవాడు తూకం వేయడు. రేపు పేపర్లో 'ఆదోని యార్డులో పత్తి సిబ్బంది సరుకు పనికిరాదన్నారు' అని రాశారనుకోండి. మీరు ఊరుకుంటారా? ఎవరన్నారు, కాటా ఆయనా, తేమ చూసినాయనా, కొనేవాడా అని అడగరూ? హమాలీ అంటే ఒక విలువ, కొనుగోలు అధికారి అంటే ఇంకో విలువ. యార్డు సంగతి మనకి తెలుసు కాబట్టి అడుగుతాం. ల్యాబ్ లోపలికి ఎప్పుడూ వెళ్ళలేదు కాబట్టి అడగం. తేడా అంతే.

అందుకే ఇప్పుడు కాసేపు ల్యాబ్ లోపలికి వెళ్దాం.

టీబీ పరీక్ష చేసే ఒక ప్రభుత్వ ఆస్పత్రి ల్యాబ్ అనుకోండి. ఒక టేబులు. దాని మీద మైక్రోస్కోపు. పక్కన సింకు. రంగుల సీసాలు. దగ్గు తగ్గని మనిషి ఒకాయన వచ్చి చిన్న డబ్బాలో గళ్ళ ఇచ్చి వెళ్తాడు. ల్యాబ్ టెక్నీషియన్ ఒక పుల్లతో ఆ గళ్ళని గాజు స్లైడు మీద పల్చగా పూస్తాడు. ఆరనిస్తాడు. మంట మీద వేడి తగిలిస్తాడు. తర్వాత ఎర్ర రంగు పోసి, ఆవిరి లేచేదాకా కింద నుంచి వెచ్చబెడతాడు. కడిగి యాసిడ్ పోస్తాడు. మిగతా వాటికి పట్టిన ఎరుపు అంతా ఆ యాసిడ్‌తో వదిలిపోతుంది. టీబీ క్రిమి మాత్రం మొండిది. దాని ఒంటి మీద మైనం లాంటి పొర ఉంటుంది. అది ఎరుపుని వదలదు. చివరికి నీలం రంగు పోస్తాడు. ఇప్పుడు మైక్రోస్కోపులో చూస్తే నీలం నేల మీద సన్నని ఎర్ర పుల్లలు కనపడతాయి. అవే టీబీ క్రిములు.

ఆయన స్లైడుని కొంచెం కొంచెం జరుపుతూ వంద చోట్ల చూస్తాడు. వంద చోట్లా కలిపి తొమ్మిదికి మించకపోతే, అసలు ఎన్ని ఉన్నాయో ఆ అంకె రాస్తాడు. పది నుంచి తొంభై తొమ్మిది దాకా ఉంటే ఒక ప్లస్ అని రాస్తాడు. ఇంకా ఎక్కువుంటే రెండు ప్లస్, మూడు ప్లస్. ఒకటీ కనపడకపోతే నెగెటివ్ అని రాస్తాడు.

జాగ్రత్తగా వినండి. నెగెటివ్ అని రాసినప్పుడు ఆ టెక్నీషియన్ చెప్తున్నది ఏంటి? ఈ స్లైడులో, నేను చూసినంత మేర, నాకు క్రిమి కనపడలేదని. ఈ మనిషికి టీబీ లేదని ఆయన చెప్పడం లేదు. అది చెప్పడం ఆయన పని కాదు. ఎందుకంటే ఒక మిల్లీలీటరు గళ్ళలో సుమారు పదివేల క్రిములు ఉంటేనే ఈ పద్ధతిలో కంటికి ఆనతాయి. అంతకంటే తక్కువ ఉంటే ఉన్నా కనపడవు. అందుకే ఇప్పుడు సీబీనాట్, ట్రూనాట్ అనే మెషీన్లు వచ్చాయి. అవి క్రిమి జన్యు పదార్థాన్నే పట్టుకుంటాయి. రిఫాంపిసిన్ మందుకి ఆ క్రిమి లొంగుతుందో లేదో కూడా చెప్తాయి. ఆ మెషీను కాగితం, ఎక్స్‌రే, మనిషి దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, ఇవన్నీ కలిపి చూసి జబ్బు ఉందో లేదో చెప్పేది డాక్టరు.

ఇప్పుడు పేపర్లో ఇలా వచ్చిందనుకోండి. ఊళ్ళో శిబిరం పెట్టారు, ల్యాబ్ సిబ్బంది పరీక్షలు చేసి టీబీ లేదని తేల్చారు. ఆ వార్త చదివిన దగ్గు మనిషి ఏం చేస్తాడు? హమ్మయ్య అనుకుంటాడు. మన పడమటి మండలాల నుంచి ఏటా సుగ్గికి, అంటే కూలి పనికి వలస పోయే కుటుంబాలు ఎన్నో. గుంటూరు వైపు మిరప కోతకి పోతారు. నెలల తరబడి ఊళ్ళో ఉండరు. గుడిసెల్లో ఒకే చోట పదిమంది పడుకుంటారు. ఆ దగ్గు మనిషి వాళ్ళలో ఒకడైతే? మళ్ళీ పరీక్ష చేయించుకోమని చెప్పే నాథుడు ఉండడు. మందు మొదలుపెడితే మామూలు టీబీ ఆరు నెలల్లో నయమవుతుంది. మొదలుపెట్టకపోతే తనకీ ముప్పు, పక్కన పడుకున్న పిల్లలకీ ముప్పు. కనపడలేదు అన్న మాటని లేదు అని రాసినందుకు వచ్చే నష్టం ఇది. టెక్నీషియన్ తప్పు చేయలేదు. ఆయన పనిని ఉన్నదానికంటే పెద్దది చేసి రాసినవాళ్ళు చేశారు.

కాబట్టి మళ్ళీ అదే ప్రశ్న. ఆ మనిషి చేసిన పని ఏంటి? ఆ పని ఎంతవరకు?

దీనికి ఇంకా పెద్ద ఉదాహరణ ఏలూరు. 2020 డిసెంబరు మొదటి వారం. ఉన్నట్టుండి మనుషులు కళ్ళు తిరిగి పడిపోయారు. మూర్ఛ వచ్చింది. నోట్లోంచి నురగ వచ్చింది. ఒకరిద్దరు కాదు, కొద్ది రోజుల్లోనే వందల మంది. చాలామంది త్వరగానే కోలుకున్నారు, అది అదృష్టం. కానీ ఎందుకిలా అయిందో ఎవరికీ తెలియదు. రాష్ట్రమంతా టీవీలకి అతుక్కుపోయింది.

ఎక్కడెక్కడి నుంచో సంస్థలు వచ్చాయి. ఢిల్లీ ఎయిమ్స్. హైదరాబాదు నుంచి జాతీయ పోషకాహార సంస్థ. సీసీఎంబీ. ఐఐసీటీ. పర్యావరణ పరిశోధన చేసే నీరి. పేర్లు వింటుంటే ధైర్యంగానే ఉండేది. కానీ ఒక్కో సంస్థ చూసేది ఒక్కోటి. ఎయిమ్స్‌కి పంపింది రోగుల నెత్తురు. పోషకాహార సంస్థవాళ్ళు తిండి చూస్తారు. నీరివాళ్ళు నీళ్ళు, పరిసరాలు చూస్తారు. సీసీఎంబీవాళ్ళు జీవకణాల్ని, క్రిముల జన్యువుల్ని చూస్తారు. ఐఐసీటీవాళ్ళు రసాయనాలు చూస్తారు.

ముందుగా వచ్చిన మాట ఎయిమ్స్ నుంచి. కొందరి నెత్తురులో సీసం, నికెల్ ఎక్కువగా ఉన్నాయని. అంతే. ఆ రాత్రికి ఊరూరా కారణం దొరికిపోయింది. సీసం వల్లే అన్నారు. నీళ్ళలో కలిసిందన్నారు. బ్యాటరీలన్నారు. తర్వాత పురుగుమందుల మాట వచ్చింది. కూరగాయలన్నారు. జనం ఒక రోజు నీళ్ళు మానేశారు, ఇంకో రోజు కూరలు మానేశారు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. నెత్తురులో సీసం ఎంత ఉందో కొలిచే మనిషి ఒకరు. ఆయన మెషీను ముందు కూర్చుంటాడు. ఈ గొట్టంలో ఇంత సీసం ఉందని చెప్తాడు. అక్కడితో ఆయన పని అయిపోయింది. అంత సీసం ఉంటే మూర్ఛ వస్తుందా, రెండు గంటల్లో మళ్ళీ లేచి కూర్చోగలడా, ఇది చెప్పాల్సింది విషాల మీద పనిచేసే డాక్టరు. ఆయన ఇంకొకరు. జబ్బుపడిన వందల మందిలో అందరికీ సీసం ఉందా, జబ్బుపడని పక్కింటివాళ్ళలో లేదా, ఒకవేళ వాళ్ళలోనూ ఉంటే సీసమే కారణమని ఎలా అంటాం, ఇది చెప్పాల్సింది ఊరంతా తిరిగి లెక్కలు తీసే జబ్బుల సర్వే నిపుణులు. వాళ్ళు మూడో రకం మనుషులు. ఈ మూడు పనులూ అయితే గానీ కారణం తెలిసినట్టు కాదు. వార్తల్లో మాత్రం మొదటి మనిషి చెప్పిన అంకెతోనే ఆట అయిపోయింది. శాస్త్రవేత్తలు తేల్చేశారు.

చివరికి డిసెంబరు మధ్యలో నిపుణులు ప్రభుత్వానికి చెప్పింది ఏంటి? పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చన్నారు. అవి ఒంట్లోకి ఎలా చేరాయో తేలాలంటే ఇంకా అధ్యయనం కావాలన్నారు. కావచ్చు అన్నారు. అధ్యయనం కావాలన్నారు. నిజాయితీ గల మాట అది. కానీ వారం ముందే కారణం తెలిసిపోయిందనుకున్న జనానికి ఆ మాట ఎలా వినిపించింది? వీళ్ళు రోజుకో మాట చెప్తారని. శాస్త్రం మీదే నమ్మకం పోయింది. నిజానికి రోజుకో మాట ఎవరూ చెప్పలేదు. రోజుకో మనిషి తన పని వరకు చెప్పాడు. ఆ మనుషులందరికీ ఒకే పేరు పెట్టింది వార్త.

నాకు ఏలూరు సంగతిలో అన్నిటికంటే బాధ కలిగించింది ఇదే. సీసం కొలిచిన మనిషి మాటని కారణం అని రాసినవాళ్ళు, మర్నాడు దాన్ని సరిదిద్దలేదు. కొత్త కారణం రాశారు.

వార్త రాసేవాళ్ళ కష్టం నాకు తెలియక కాదు. చోటు తక్కువైతే ఏం పోతుందో కైరుప్పల శ్రోతలకి విడమరిచి చెప్పక్కర్లేదు. ఉగాది మర్నాడు మీ ఊళ్ళో జరిగే పిడకల సమరం చూడ్డానికి కెమెరాలు వస్తాయి. టీవీలో అర నిమిషం చూపిస్తారు. పిడకలు ఎగరడం కనపడుతుంది, దుమ్ము కనపడుతుంది, దెబ్బలు తగిలినవాళ్ళు కనపడతారు. వీరభద్రస్వామి, కాళికాదేవి కథ, ఆ తర్వాత జరిగే కల్యాణం, పిడకలు విసురుకున్న రెండు వర్గాలవాళ్ళూ తర్వాత కలిసే ఉండటం, ఇవి ఆ అర నిమిషంలో పట్టవు. ల్యాబ్ వార్తకీ అంతే చోటు. జిల్లా పేజీలో నాలుగు లైన్లు. మండల విలేకరికి ఫోన్లో ఎవరో చెప్తారు. టెక్నీషియన్, బయోకెమిస్టు, పాథాలజిస్టు, మైక్రోబయాలజిస్టు అని విడివిడిగా రాస్తే పాఠకుడికి అర్థం కాదేమోనని, అన్నిటికీ కలిపి ల్యాబ్ నిపుణులు అని రాస్తాడు. సదుద్దేశమే. కానీ అర్థం కాదేమోనని వదిలేసిన ముక్కే అసలు ముక్క. తెలియని మాటైతే రెండు మాటల్లో వాళ్ళ పని చెప్తే చాలు. నెత్తురులో చక్కెర కొలిచే టెక్నీషియన్ అని రాయడానికి ఎంత చోటు పడుతుంది?

రిపోర్టు కాగితం సంగతి కూడా చెప్పాలి. మీరు ఊళ్ళోనో, ఆదోనిలోనో నెత్తురు ఇస్తారు. రెండో రోజు కాగితం చేతికొస్తుంది. చాలాచోట్ల ఆ గది ల్యాబ్ కాదు, కలెక్షన్ సెంటర్. అక్కడి అబ్బాయి నెత్తురు తీసి, గొట్టానికి చీటీ అంటించి, ఐసు పెట్టెలో వేరే నగరానికి పంపుతాడు. పరీక్ష జరిగేది అక్కడ. మనం మాత్రం చీటీ అంటించిన అబ్బాయినే పట్టుకుని, ఇదేంటి, ఇంత ఎక్కువొచ్చింది, ఏం మందు వేసుకోవాలని అడుగుతాం. పాపం, ఆ అబ్బాయి కూడా మనం అడిగాం కదా అని ఏదో ఒకటి చెప్తాడు. ఆ కాగితం కింద ఎవరి సంతకం ఉందో చూడండి. పేరు, చదువు, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో లేదో చూడండి. ఇది చిన్న సంగతి కాదు. గుజరాత్‌కి చెందిన ఒక కేసు రూపంలో సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన సంగతి. ల్యాబ్ రిపోర్టు మీద పాథాలజీలో పీజీ చదివిన రిజిస్టర్డ్ డాక్టరు సంతకం ఉండాలని 2017 డిసెంబరులో కోర్టు చెప్పింది. ఆ తర్వాత కేంద్రం నిబంధనల్లో కొన్ని మార్పులు చేసింది. ఏ నిబంధన చూసినా మూలం ఒకటే. పరీక్ష చేసే చెయ్యి, దానికి బాధ్యత వహించే సంతకం, రెండూ ఎవరివో తెలియాలి.

తెలియకపోతే ఏమవుతుందో అమెరికాలో చూశారు. థెరనోస్ అని ఒక కంపెనీ వచ్చింది. వేలి చివర నుంచి తీసిన నెత్తురు బొట్టుతో ఎన్నో పరీక్షలు చేస్తామంది. పత్రికలు దాని యజమానురాలి ఫోటోలు ముఖచిత్రాలుగా వేశాయి. గొప్ప శాస్త్ర మేధావి అని రాశాయి. లోపల మెషీను దగ్గర కూర్చున్నదెవరు, ఫలితాల మీద సంతకం పెడుతున్నదెవరు అని చాలా ఏళ్ళు ఎవరూ గట్టిగా అడగలేదు. 2015లో ఒక విలేకరి లోపల పనిచేసినవాళ్ళనే పట్టుకుని అడిగాడు. అప్పుడు బయటపడింది. ఒక దశలో ఆ ల్యాబ్‌కి డైరెక్టరుగా ఉన్నది చర్మవ్యాధుల డాక్టరని, ఆయన అక్కడికి వెళ్ళిందే బహు తక్కువని తర్వాత కోర్టు విచారణలో తెలిసింది. 2022లో ఆ యజమానురాలిని దోషిగా తేల్చి జైలు శిక్ష వేశారు. ఆ విలేకరి అడిగింది మనం ఈ పూట చెప్పుకుంటున్న ప్రశ్నే. ఇక్కడ ఎవరు ఏం పని చేస్తున్నారు?

ఈ అస్పష్టమైన రాతల వల్ల నష్టం భయంతోనో, మోసంతోనో ఆగదు. మన పిల్లల చదువు దాకా వస్తుంది.

ఏటా జనవరి 12న పత్రికల్లో ఎల్లాప్రగడ సుబ్బారావుగారి గురించి రాస్తారు. 1895లో భీమవరంలో పుట్టిన మహానుభావుడు. టెట్రాసైక్లిన్ కనిపెట్టిన శాస్త్రవేత్త అని ఒక్క లైనులో ముగిస్తారు. చదివిన పిల్లవాడికి ఎలా అర్థమవుతుంది? తెల్లకోటు వేసుకున్న ఒకే ఒక్క మనిషి, ఒక రాత్రి, ఒక గదిలో ఏదో కలిపాడు, మందు పుట్టింది. ల్యాబ్ అంటే అదేననుకుంటాడు.

జరిగింది వేరు. సుబ్బారావుగారు బోస్టన్ వెళ్ళిన కొత్తలో ఆస్పత్రిలో రాత్రి నౌకరీ చేశారు. రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని. తర్వాత హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి, నెత్తురులో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో నీలం రంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతి తయారు చేశారు. 1925లో అది అచ్చయింది. ఆ పద్ధతి ప్రపంచంలోని ఆస్పత్రి ల్యాబుల్లో దశాబ్దాల పాటు నడిచింది. ల్యాబ్ టెక్నాలజీ చదివే పిల్లలు ఫిస్కే సుబ్బారావు పద్ధతి అని ఈనాటికీ చదువుతారు. దాని గురించి మన పత్రికల్లో ఎంత తక్కువ వస్తుందో చూడండి. కొలిచే పని కదా, ఎవరికీ గొప్పగా అనిపించదు. కండరాల్లో శక్తిని దాచే పదార్థాల్ని వాళ్ళు పట్టుకున్నది ఆ కొలత చేతిలో ఉండబట్టే.

1940లో ఆయన లెడర్లే కంపెనీకి వెళ్ళారు. అక్కడ పరిశోధన అంతటికీ పెద్ద. ఆయన నాయకత్వంలో ఎన్నో బృందాలు పనిచేశాయి. టెట్రాసైక్లిన్ మందుల్లో మొట్టమొదటిదైన ఆరియోమైసిన్‌ని మట్టిలోని సూక్ష్మజీవి నుంచి బయటికి తీసింది బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్ర ఆచార్యుడు. యూనివర్సిటీ నుంచి రిటైరయ్యాక లెడర్లేలో చేరిన మనిషి. ఆ సూక్ష్మజీవి దొరికిన మట్టి మిస్సోరీ యూనివర్సిటీ ప్రయోగక్షేత్రం నుంచి వచ్చింది. 1948లో ఆ మందు లోకానికి తెలిసింది. అదే ఏడాది సుబ్బారావుగారు కన్నుమూశారు. బోదకాలుకి ఇచ్చే డీఈసీ మాత్ర కూడా ఆయన నడిపిన ఆ ల్యాబుల నుంచే వచ్చింది. నెత్తురు కాన్సరు వచ్చిన పిల్లలకి బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఇచ్చిన అమినోప్టెరిన్ కూడా అక్కడిదే.

ఇలా వివరంగా చెప్తే సుబ్బారావుగారి గొప్పతనం తగ్గిందా? నా దృష్టిలో పదింతలు పెరిగింది. పాత్రలు కడిగాడు. కొలవడం నేర్చుకున్నాడు, నేర్పాడు. వందల మంది చేతుల్ని ఒక దారిలో నడిపాడు. ఆ మూడూ మూడు రకాల పనులు. మూడూ కావలసిన పనులే.

ఇది తెలియని పిల్లలు ఇంటర్ బైపీసీ అవగానే ఎటు పోతున్నారు? గోడల మీద, పేపర్లలో ప్రకటనలు వస్తాయి. ల్యాబ్‌లో ఉద్యోగం, మంచి జీతం, మూడు నెలల కోర్సు. ఏ ల్యాబ్? ఏ పని? రాయరు. తల్లిదండ్రులు వడ్డీకి తెచ్చి ఫీజు కడతారు. తీరా చూస్తే ఆ సర్టిఫికెట్ ప్రభుత్వ ఉద్యోగానికి పనికిరాదు. ఫీజు కట్టే ముందు ఆ కోర్సుకి ప్రభుత్వ గుర్తింపు ఉందో లేదో కనుక్కోండి. డీఎంఎల్‌టీ అంటే డిప్లొమా, బీఎస్సీ ఎంఎల్‌టీ అంటే డిగ్రీ. ఎండీ పాథాలజీ అంటే ఎంబీబీఎస్ చదివాక చేసేది. ల్యాబ్‌కి అటెండరూ కావాలి, టెక్నీషియనూ కావాలి, డాక్టరూ కావాలి. ఏ పనికీ చిన్నతనం లేదు. కానీ ఏ పనికి చేరుతున్నామో తెలిసి చేరాలి. 2021లో పార్లమెంటు ఈ వృత్తుల కోసం ఒక చట్టమే చేసింది, జాతీయ కమిషన్ పెట్టమంది. అందులో మెడికల్ ల్యాబ్ వృత్తివాళ్ళు కూడా ఉన్నారు. అంటే దేశం వాళ్ళ పనికి ఒక పేరు, ఒక స్థాయి ఇవ్వాలనుకుంటోంది. వార్తలు కూడా ఇవ్వాలి.

ఒక్క మంచి సంగతి చెప్పి ముగింపుకి వస్తాను. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్ళకి నీళ్ళ పరీక్ష నేర్పించాలని పెట్టారు. చిన్న కిట్టు ఇస్తారు. నీళ్ళలో మందు చుక్కలు వేసి, రంగు మారితే ఆ రంగుని పట్టీతో పోల్చి చూస్తారు. ఉదాహరణకి, ఫ్లోరైడ్ లీటరుకి ఒక మిల్లీగ్రాము దాకా ఉంటే పర్వాలేదు. వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా ఓర్చుకోవచ్చని ప్రమాణం. కిట్టులో రంగు తేడాగా వస్తే ఆ నీళ్ళని ల్యాబ్‌కి పంపాలి, అక్కడ గట్టిగా కొలుస్తారు. ఇక్కడ ఊరి ఆడపడుచు చేసేది అనుమానాన్ని పట్టుకునే పని. ల్యాబ్ కెమిస్టు చేసేది దాన్ని రూఢి చేసే పని. మొదటి పని లేకపోతే రెండోది మొదలే కాదు. రేపు మీ ఊరి నీళ్ళ మీద వార్త వస్తే, అధికారులు పరీక్షించారని మాత్రమే రాయనివ్వకండి. ఫలానా వీధి అమ్మాయి కిట్టుతో చూసింది, తర్వాత ల్యాబ్‌లో ఇంత వచ్చింది అని రాయమనండి. అప్పుడు భయపడాల్సిన చోట భయపడతాం. అక్కర్లేని చోట ఊరుకుంటాం.

ఆదోని, ఎమ్మిగనూరు విలేకరి మిత్రులకి నా మనవి. ల్యాబ్ వార్త రాసేటప్పుడు ఆ మనిషి హోదా ఒక్కటే కాదు, ఆయన చేతులతో చేసిన పని కూడా ఒక్క లైను రాయండి. ఆయన చెప్పలేని దాన్ని ఆయన చెప్పినట్టు రాయకండి. శ్రోతలకి నా మనవి. వాట్సాప్‌లో ల్యాబ్ పేరుతో ఏదైనా వస్తే, పక్కవాళ్ళకి పంపే ముందు అడగండి. ఆ మనిషి చేసిన పని ఏంటి? ఆ పని ఎంతవరకు? జవాబు అందులో లేకపోతే పంపకండి. ఇక రెండు వారాలకి మించి దగ్గుతున్నవాళ్ళు ఎవరైనా మీ ఇంట్లో ఉంటే, పేపర్లో ఏం రాసినా సరే, సుగ్గికి బయలుదేరే ముందు ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకెళ్ళండి. టీబీ పరీక్ష అక్కడ ఉచితం. మందులూ ఉచితమే.